ఉత్తర అమెరికా ఆదివాసీలైన హోడెనోషోనీల బుట్టల అల్లిక బయటివాళ్ళు నేర్చుకోవచ్చా? నేర్చుకుని కళగా కొనసాగించవచ్చా?

ప్రశ్న అడిగినావిడ న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో ఉంటున్నారట, హైదరాబాద్‌లో టెక్స్‌టైల్ డిజైన్ చదివారట. మ్యూజియంలో స్వీట్‌గ్రాస్ అనే గడ్డి కలిపి అల్లిన బుట్ట చూసి మనసు పారేసుకున్నారు. ఈ అల్లిక నేర్చుకుని తన కళగా చేసుకోవచ్చా, ఇది అంతరించిపోతోందంటున్నారు కదా, కాపాడటానికి తనలాంటివాళ్ళు ఏమైనా చేయగలరా అని అడిగారు.

నేర్చుకోండి, తప్పకుండా. కానీ కాపాడాలన్న ఆలోచన కూడా ఉంటే అల్లిక దగ్గర కాదు, చెట్టు దగ్గర మొదలుపెట్టండి. అల్లేవాళ్ళు తగ్గిపోవడం ఒక బాధే, కాదనను. అంతకన్నా పెద్ద బాధ ఈ బుట్టలు అల్లే చెట్టు కర్రే లేకుండా పోవడం.

నేను కెనడాలో, ఒంటారియోలోని కార్న్‌వాల్‌లో ఉంటాను. ఆస్పత్రిలో ఉద్యోగం. ఊరి పక్కనే సెయింట్ లారెన్స్ నది, వంతెన ఎక్కితే కార్న్‌వాల్ దీవి. అది అక్వెసాస్నే అనే మోహాక్‌ల నేలలో భాగం. హోడెనోషోనీ అంటే ఆరు జాతుల సమాఖ్య: మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, తర్వాత వచ్చి చేరిన టస్కరోరా. పాత పుస్తకాల్లో ఇరొక్వాయ్ అని కనిపించేది వీళ్ళే. అక్వెసాస్నే మీదుగా న్యూయార్క్, ఒంటారియో, క్యుబెక్ మూడింటి సరిహద్దులూ పోతాయి. మేనత్తని చూడటానికి వెళ్ళాలన్నా కస్టమ్స్ వాళ్ళకి జవాబు చెప్పుకోవాల్సిన ఊరది. బుట్టలకి మాత్రం పెట్టింది పేరు. నాతో డ్యూటీ చేసే మోహాక్ అమ్మాయి ఒకసారి వాళ్ళ పెద్దావిడ దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ అమ్మమ్మలనీ తాతలనీ టోటా అంటారు, నేనూ ఆవిడని అలాగే పిలుస్తాను. సెలవు దొరికినప్పుడల్లా వెళ్తుంటాను.

నేను అనుకున్నది, వెళ్ళగానే బద్దలు చేతికిచ్చి అల్లడం నేర్పిస్తారని. ఆవిడ మనవడు నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి గొడ్డలి ఇచ్చాడు.

ఈ బుట్టలకి వాడేది బ్లాక్ యాష్ చెట్టు. నీళ్ళు నిలిచే చిత్తడి నేలల్లో పెరుగుతుంది. నిటారుగా ఉండాలి, మెలి తిరగకూడదు, కింద ఎనిమిది పదడుగుల మేర కొమ్మలు, ముడులు ఉండకూడదు. అడవంతా తిరిగినా అలాంటిది ఎక్కడో ఒకటి దొరుకుతుంది. నరికేముందు పొగాకు సమర్పించి, కృతజ్ఞతలు చెప్పుకుంటారు. దుంగ తెచ్చి, బెరడు తీసి, గొడ్డలి వెనక వైపుతో ఈ చివర నుంచి ఆ చివర దాకా కొడతారు. ఒక దెబ్బ పక్కనే ఇంకో దెబ్బ పడాలి. సందు వదిలితే బద్ద సరిగ్గా అక్కడే చిరుగుతుంది. కొట్టగా కొట్టగా దెబ్బ చప్పుడు మారుతుంది, గట్టిగా ఖంగుమన్నది మొద్దుగా వినిపిస్తుంది. అప్పుడు చివర గోటితో గీరి పైకి లాగితే, అరటి బోదె నుంచి పొర ఊడినట్టు ఒక పొడుగాటి పట్టీ లేచి వస్తుంది. అది ఆ చెట్టు ఒక ఏడాది పెరుగుదల. దాని కింద అంతకు ముందు ఏడాదిది.

ఇలా ఊడిరావడానికి కారణం చెట్టు కర్రలోనే ఉంది. యాష్ చెట్టు వసంతంలో పెద్ద పెద్ద గొట్టాలున్న బోలు కర్ర వేస్తుంది, వేసవిలో గట్టి కర్ర వేస్తుంది. దెబ్బలకి ఆ బోలు పొర నలిగిపోయి గట్టి పొరని వదిలేస్తుంది. వానలు బాగా పడిన ఏడు పొర మందంగా ఉంటుంది, కరువు ఏడు కాగితంలా ఉంటుంది. టోటా ఒక పట్టీని వేళ్ళతో నిమిరి, ఇది మంచి ఏడు, ఇది గంపకి, ఇది చిన్న బుట్టకి అని వేరు చేసేస్తారు. నాకు ఇప్పటికీ అంత తేలిగ్గా తెలియదు.

మందం పట్టీలని మళ్ళీ రెండుగా చీలుస్తారు. దీనికి నిలబెట్టి మోకాళ్ళ మధ్య పట్టుకునే చెక్క చట్రం ఒకటి ఉంటుంది. పట్టీ చివర కత్తితో చిన్న గాటు పెట్టి, చట్రం సందులోంచి పైకి దూర్చి, రెండు కొసలూ రెండు చేతులతో సమంగా లాగాలి. ఒక చెయ్యి ఎక్కువ లాగితే ఆ వైపు పలచబడి తెగిపోతుంది. పలచబడుతున్న వైపు వదిలి, మందం వైపు లాగాలి. బాగా చీలితే లోపలి ముఖం పట్టుబట్టలా మెరుస్తుంది. ఫ్యాన్సీ బుట్టల్లో పైకి కనపడే నిగనిగ అదే, పాలిష్ కాదు. పళ్ళున్న చిన్న పనిముట్టుతో పట్టీలని ఒకే వెడల్పు బద్దలుగా కోసి, తడిపి, అప్పుడు అల్లుతారు. మీరు మగ్గం పని తెలిసినవారు కాబట్టి పడుగూ పేకా మీకు కొత్త కాదు. అచ్చుదిమ్మె మీద బద్దలు పరిచి అల్లుకుంటూ పోవడం మీకు త్వరగానే వస్తుంది. బద్దని మెలి తిప్పి ముళ్ళలా లేపే అలంకారం కొంచెం సతాయిస్తుంది, అంతే.

స్వీట్‌గ్రాస్ అంటే తడి నేలల్లో మొలిచే సన్నటి గడ్డి. ఎండితే వెనిల్లా లాంటి వాసన వస్తుంది, దానికి కారణం కూమరిన్ అనే పదార్థం. వేసవిలో కోసి, శుభ్రం చేసి, ఆరబెట్టి, జడలు అల్లి పెట్టుకుంటారు. అంచులకీ మూతలకీ అదే. పాత బుట్ట మూత తీసినా ఆ వాసన తగులుతుంది, అందుకే మ్యూజియం అద్దం వెనక చూస్తే సగమే చూసినట్టు.

అన్ని బుట్టలూ అలంకారానికి కాదు. తెల్ల మొక్కజొన్నని కట్టెల బూడిదతో ఉడికించి, పై తొక్క పోయేలా నీళ్ళలో కడగడానికి సందులు వదిలి అల్లిన బుట్ట ఒకటుంది. దాన్ని ఏటిలో ముంచి కుదుపుతుంటే తొక్కలు కొట్టుకుపోతాయి, గింజ మిగులుతుంది. వీపుకి తగిలించుకునే వేట బుట్టలు, బట్టల బుట్టలు, విందుకి అన్నీ సర్దుకెళ్ళే బుట్టలు వేరే. అక్వెసాస్నేకి చెందిన హెన్రీ ఆర్కెట్ ఇలాంటి వాడకపు బుట్టలు అల్లేవారు. ఆయనకి 2014లో అమెరికా ప్రభుత్వ కళల సంస్థ నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ ఇచ్చింది. మేరీ ఆడమ్స్‌ది ఇంకో దారి. ఆవిడ 1986లో అంతస్తుల పెళ్ళి కేకు ఆకారంలో అల్లిన బుట్ట ఇప్పుడు స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. మోహాక్ మహిళ కటేరీ టెకక్వితాని 1980లో కేథలిక్ చర్చి ధన్యురాలిగా ప్రకటించినప్పుడు పోప్ రెండవ జాన్ పాల్‌కి ఇచ్చిన బుట్ట కూడా మేరీ ఆడమ్స్ అల్లినదే. సంప్రదాయం అంటే పాతదాన్ని అచ్చు గుద్దడం అనుకునేవాళ్ళకి నేను ఆవిడ బుట్ట ఫొటో పంపిస్తుంటాను. ఒకప్పుడు టూరిస్టుల కోసం కుట్టుపని సామాను పెట్టుకునే బుట్టలూ అల్లారు, వాటితోనే ఇంటికి సరుకులు వచ్చేవి. సంపాదన కోసం అల్లింది అసలైన కళ కాదనడం నాకు నచ్చదు. కడుపు నింపింది కాబట్టే అది ఇన్ని తరాలు నిలిచింది.

ఇక చెట్టు సంగతి. ఎమరాల్డ్ యాష్ బోరర్ అని ఆకుపచ్చగా మెరిసే చిన్న పురుగు ఉంది. తూర్పు ఆసియాది. సరుకుల ప్యాకింగ్ చెక్కలో వచ్చి ఉంటుందంటారు. ఉత్తర అమెరికాలో దీన్ని 2002లో డెట్రాయిట్ ప్రాంతంలో గుర్తించారు, న్యూయార్క్ రాష్ట్రంలో 2009లో. దీని లార్వాలు బెరడు కింద వంకరటింకర సొరంగాలు తొలిచి, చెట్టుకి నీరూ ఆహారమూ అందకుండా చేస్తాయి. కొన్నేళ్ళలో చెట్టు నిలువునా ఎండిపోతుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2017లో బ్లాక్ యాష్‌ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా చేర్చింది. ఆర్టిస్టుకి వేరే కర్ర వాడుకోమని సలహా ఇవ్వడం తేలిక. ఇంత పలచగా, ఇంత సాగుతూ, దెబ్బకి పొరలుగా విడిపోయే కర్ర ఆ అడవిలో ఇంకొకటి లేదు.

అక్వెసాస్నే వాళ్ళు ఊరికే కూర్చోలేదు. లెస్ బెనెడిక్ట్ లాంటి వాళ్ళ చొరవతో పురుగు రాకముందు నుంచే యాష్ విత్తనాలు ఏరి మొక్కలు పెంచుతున్నారు. ఆ విత్తనం మహా మొండిది. ఈ ఏడు నాటితే ఈ ఏడు మొలవదు, చాలావరకు రెండు చలికాలాలు దాటాలి. చెట్లు కూడా ప్రతి ఏడూ కాయవు. మొలిచాక బుట్టకి పనికొచ్చే దుంగ కావడానికి దశాబ్దాలు. ఇప్పుడు నాటుతున్నవాళ్ళు ఆ కర్రతో అల్లరు, అది వాళ్ళకీ తెలుసు. ఇంకోపక్క, నరికిన దుంగల్ని నెలల తరబడి నీళ్ళలో ముంచి ఉంచితే పురుగు చస్తుంది, కర్ర అల్లికకి పనికొచ్చేలానే ఉంటుంది. బద్దలు కొట్టి చుట్టలు చుట్టి ఆరబెట్టుకుంటే ఏళ్ళ తరబడి నిల్వ ఉంటాయి, వాడేముందు తడుపుకుంటే సరి. టోటా ఇంట్లో అటక నిండా చుట్టలే.

మనుషుల వైపు కూడా పని జరుగుతోంది. పక్కనున్న ఫ్యాక్టరీల కాలుష్యం వల్ల నది పాడై, చేపలు తినకూడని స్థితి వచ్చింది. దాని పరిహారంగా 2013లో కుదిరిన ఒప్పందం డబ్బుతో మోహాక్‌లు గురుశిష్య పద్ధతిలో శిక్షణ నడుపుతున్నారు. చేపలు పట్టడం, వేట, మందుమొక్కలతో పాటు బుట్టల అల్లిక కూడా అందులో ఉంది, అన్నీ వాళ్ళ భాషతో కలిపి నేర్పిస్తారు. ఆ సీట్లు వాళ్ళ పిల్లలవి. మనం అడగకూడదు కూడా.

మరి మీరేం చేయాలి? హోగన్స్‌బర్గ్‌లోని అక్వెసాస్నే మ్యూజియంలో బుట్టల ప్రదర్శన ఉంటుంది, అందరికీ తెరిచి ఉండే క్లాసులూ పెడుతుంటారు. ఫోన్ చేసి కనుక్కోండి. మీకు దగ్గర్లో అయితే ఒనొండాగా సరస్సు ఒడ్డున స్కనో సెంటర్, విక్టర్ ఊళ్ళో గనొండగాన్ ఉన్నాయి, రెండూ హోడెనోషోనీ సంస్కృతి గురించి తెలుసుకునే చోట్లే. హోవ్స్ కేవ్‌లోని ఇరొక్వాయ్ ఇండియన్ మ్యూజియం కూడా చూడండి. ఎక్కడికి వెళ్ళినా ముందు విని, తర్వాత అడగండి. ఫొటో తీసేముందు మాత్రం తప్పకుండా అడగండి. ఇంట్లో ప్రాక్టీసుకి బ్లాక్ యాష్ కొని వృథా చేయకండి, క్రాఫ్ట్ షాపుల్లో దొరికే కేన్ బద్దలు చాలు.

అమ్మకం గురించి స్పష్టంగా చెప్తాను. అమెరికాలో 1990 నాటి ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ చట్టం ప్రకారం ఆదివాసీలు చేయని వస్తువుని వాళ్ళు చేసినట్టు అమ్మడం నేరం. చట్టం సంగతి అటుంచినా, మీరూ నేనూ అల్లింది మోహాక్ బుట్ట కాదు, మోహాక్ టీచర్ దగ్గర నేర్చుకుని అల్లిన బుట్ట. నేను అల్లినవి అమ్మను. స్నేహితులకిస్తాను, లేదా ఇంట్లో ఉల్లిపాయలు పోసుకుంటాను. మీ ఆర్ట్‌లో ఇక్కడ నేర్చుకున్నది వాడాలనుకుంటే మీ టీచర్‌తో ముందే మాట్లాడండి. కొందరు సరే అంటారు, కొందరు ఫలానా డిజైన్ వద్దంటారు. వద్దంటే వద్దు.

బుట్ట కొనేటప్పుడు అల్లినవాళ్ళ దగ్గరే కొనండి. ధర విని అమ్మో అనిపిస్తుంది, నాకూ మొదట్లో అనిపించింది. అడవిలో వెతకడం, దంచడం, చీల్చడం, గీకడం, గడ్డి కోయడం అన్నీ అయ్యాకే అల్లిక మొదలవుతుంది, కాబట్టి బేరమాడకండి. విత్తనాలు ఏరేచోటికి గానీ దుంగలు కొట్టేచోటికి గానీ మనుషులు కావాలని పిలుపు వస్తే మాత్రం వెళ్ళండి. పాత బట్టలు, గట్టి బూట్లు వేసుకోండి. చిత్తడి నేల కదా, దోమలు ఘోరంగా ఉంటాయి.