క్యాన్సర్‌కు గుర్తింపు వచ్చిందా?

సందేహం: అమెరికా బయోమెడికల్ ఇంజనీర్ రెబెకా రిచర్డ్స్-కోర్టమ్ మీద వ్యాసం రాస్తున్నాను. ‘క్యాన్సర్ ముందస్తు గుర్తింపు కోసం కృషి చేశారు’ అని రాస్తే, మిత్రుడు ‘ముందస్తుగా కనుగొనడం కోసం’ అని దిద్దాడు. ఏది సరి?

సమాధానం: నన్నడిగితే రెండూ వద్దు. ‘గుర్తింపు’ అనగానే ఇప్పుడు తోచేది కార్డు, కాకపోతే పేరు. మీ వాక్యం చదివితే, పాపం క్యాన్సర్‌కు రావాల్సిన గుర్తింపు రాలేదని ఆవిడ తాపత్రయపడ్డట్టుంది! గుర్తింపు వచ్చింది ఆవిడకు, 2016లో, అసాధారణ ప్రతిభకు అమెరికాలో ఇచ్చే మెకార్థర్ ఫెలోషిప్ రూపంలో. ‘గుర్తించడం’ అనండి, ఆ చిక్కు పోతుంది.

‘కనుగొను’లో ‘కను’ అంటే చూడడమే కాబట్టి తప్పనలేం. అయితే లోకానికి తెలియనిదాన్ని బయటపెట్టడం అనే అర్థం దానికి స్థిరపడింది. ‘క్యాన్సర్‌ను కనుగొన్న ఇంజనీర్’ అంటే అసలు ఆ జబ్బును బయటపెట్టిందే ఆవిడ అనుకుంటారు. శీర్షికకైతే ‘పసిగట్టడం’ నాకిష్టం. ‘పసి’ అంటే వాసన. కంటికి కనబడకముందే జంతువు పసిని బట్టి తెలుసుకుంటుంది కదా, ఆ ఛాయ ఇక్కడ చక్కగా అతుకుతుంది. ఆవిడ పరికరం చూసేదే గానీ వాసన చూసేది కాదని ఎవరైనా పేచీ పెడితే పెట్టనివ్వండి.

అసలు ఇబ్బంది ‘ముందస్తు’తో. గడువుకన్నా ముందు జరిగేది ముందస్తు. ఎన్నికలకు గడువుంటుంది, క్యాన్సర్‌ను పట్టుకోవడానికి గడువేమిటి? మామూలుగా ‘తొలిదశలో గుర్తించడం’ అంటే సరిపోతుంది. ఈవిడ విషయంలో అదీ పూర్తిగా చాలదు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఆవిడ బృందం తయారుచేసిన సూక్ష్మ ఎండోస్కోపులో, అంటే ఒంటి లోపలి భాగాలను చూపే చిన్న పరికరంలో, కాంతిని మోసే సన్నని ఫైబర్ ఉంటుంది. గర్భాశయ ముఖద్వారం మీద ప్రొఫ్లావిన్ అనే రంగు పూసి ఆ ఫైబర్‌ను ఆనిస్తే, కణాల కేంద్రకాలు తెరమీద మెరుస్తూ కనిపిస్తాయి. అవి ఉబ్బి, కిక్కిరిసి ఉంటే అనుమానించాలి. ముక్క కోసి ల్యాబుకు పంపి రోజుల తరబడి టెన్షన్ పడే అవసరాన్ని తగ్గించాలనేది ఉద్దేశం. వాళ్లు ముఖ్యంగా వెతికేది క్యాన్సర్‌గా మారబోయే కణాలను. ‘తొలిదశ’ అంటే జబ్బు అప్పటికే వచ్చేసినట్టు. ఇక్కడ రావాల్సిన మాట ‘మారకముందే’.

మరొకటి. ఆవిడ కృషి ఇంకా సాగుతూనే ఉంది, ‘చేశారు’తో ముగించకండి. ‘కణాలు క్యాన్సర్‌గా మారకముందే గుర్తించే పరికరాల కోసం దశాబ్దాలుగా కృషి చేస్తున్నారు’ అని రాయండి. మీ మిత్రుడు దీన్ని కూడా దిద్దితే ఆ దిద్దుబాటు నాకు పంపండి.