యేసు మీద ఎనిమిది నెలలు అలిగినదాన్ని, నా అనుభవం చెప్తాను

నాయనా, నువ్వు అడిగింది మూడుసార్లు చదివాను. "అమ్మ పోయి ఐదు నెలలు. యేసు నీకు స్నేహితుడుగా ఉన్నాడు, ధైర్యంగా ఉండు అంటారు అందరూ. నాకు ప్రార్థనకు నోరే రావడం లేదు. ఈ స్నేహం ఎవరికైనా నిజంగా అనుభవమైందా, పాటల్లో మాటేనా? ఆదివారం చర్చికి పోవాలంటే కాళ్లు ఆడటం లేదు" అని రాశావు. నువ్వు అని పిలుస్తున్నందుకు ఏమీ అనుకోకు, మా అబ్బాయి ఈడు వాడివిలా ఉన్నావు. నాది కర్నూలు, టైలరింగ్ చేస్తాను. వాక్యం చెప్పేంత చదువు లేదు. జరిగింది మాత్రం చెప్పగలను.

మాది మూడు తరాలుగా బాప్టిస్టు కుటుంబం. ఆదివారం మందిరం, గురువారం స్త్రీల సమాజం, క్రిస్మస్‌కు కొత్త చీర. యేసు అంటే మా ఇంట్లో గోడకు ఉన్న క్యాలెండర్ లాంటివాడు. రోజూ కనిపిస్తాడు, ప్రత్యేకంగా చూసేది లేదు.

2009 అక్టోబరు 2, శుక్రవారం, గాంధీ జయంతి. అంతకు సరిగ్గా నెల ముందే రాజశేఖర్ రెడ్డి గారి హెలికాప్టరు మన నల్లమలలో కూలింది, ఊరంతా ఇంకా ఆ దిగులులోనే ఉంది. దసరా అయి నాలుగు రోజులు. దీపావళికి ఇవ్వాల్సిన జాకెట్లు షాపు నిండా ఉన్నాయి. అప్పుడు మేముండేది బుధవారపేటలో, హంద్రీకి దగ్గర. పైన తుంగభద్ర పొంగింది. కింద శ్రీశైలం డ్యాం నిండు మట్టం 885 అడుగులైతే ఆసారి 896 దాకా ఎక్కి, నీళ్లు వెనక్కి తన్నాయి. మధ్యలో ఉన్నది మా కర్నూలు. చూస్తుండగానే మోకాళ్ల దాకా, ఇంకాసేపటికి నడుము దాకా. నాలుగేళ్ల పిల్లవాణ్ణి మెడ మీద ఎక్కించుకుని మా ఆయన ముందు, ఇంటి కాగితాల సంచి పట్టుకుని నేను వెనక, పక్కనే ఉన్న సాయిబుల ఇంటి మిద్దె ఎక్కాం. రెండు రాత్రులు ఆ మిద్దె మీదే. చీకట్లో నీళ్ల చప్పుడు, ఎక్కడో ఎనుము అరుపు. ఇప్పటికీ గట్టి వాన వస్తే నాకు ఆ ఎనుము అరుపే గుర్తుకొస్తుంది.

నీళ్లు తీశాక షాపులో మోకాలి లోతు బురద. హాఫ్ వీల్ మిషన్లు రెండు, పీకో మిషను ఒకటి, మూడూ దాని కింద. వాటిని విప్పి కిరసనాయిలు పోసి పాత టూత్‌బ్రష్షుతో ఒక్కో పార్టూ కడిగాం. రెండు బతికాయి, పీకోది పోయింది. ఖాతాదారుల బట్టలు మాత్రం దేనికీ పనికిరాలేదు. కొందరు పోనీలే అన్నారు, కొందరికి ఏడాది పాటు కొంచెం కొంచెంగా కట్టాను. ఒకామె మాత్రం కొత్త పట్టు గుడ్డ సంగతి అడగనే లేదు. కొలతకు ఇచ్చిన పాత జాకెట్టు కోసం ఏడ్చింది. వాళ్లమ్మ చేత్తో కుట్టిందట, అమ్మ లేదట. పాత జాకెట్టుకు ఇంత ఏడుపేమిటా అనుకున్నాను అప్పుడు, నిజం చెప్తున్నాను. ఏడాదిన్నరకు మా ఆయన చొక్కా ఒకటి ఉతక్కుండా ట్రంకుపెట్టెలో దాచుకున్నప్పుడు అర్థమైంది.

మా ఆయన మార్కెట్ యార్డులో హమాలీ. ఉల్లిగడ్డల మూటలు మోసేవాడు. 2011 మార్చిలో, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో, ఒక మధ్యాహ్నం యార్డులోనే కూలబడ్డాడు. గుండె. ఆసుపత్రికి చేర్చేలోగానే అయిపోయింది. నలభై ఒక్క ఏళ్లు. వరద తీసుకుపోయింది మళ్లీ కొనుక్కోవచ్చని నాకు ధైర్యం చెప్పినవాడే పోయాడు.

ఆ తర్వాత ఇంటికి వచ్చిన మాటలు నీకు కొత్తవి కావు. "దేవుడు మంచివాళ్లనే ముందు పిలుచుకుంటాడమ్మా." "ఇది శోధన, తట్టుకుంటే ఆశీర్వాదం." ఆదరణ కూడికకు బయటి నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు, షాపు రాబడిలో దశమభాగం, అంటే పదో వంతు, చర్చికి ఇస్తున్నావా తల్లీ అని అడిగాడు. పిల్లవాడు నా ఒళ్లోనే ఉన్నాడు, ఆరేళ్లు. "మనం డబ్బులియ్యలేదనా మా నాయన్ను తీసుకుపోయినాడు?" అన్నాడు అందరి ముందూ. ఆ ప్రసంగీకుడి దగ్గర జవాబు లేదు. ఆ రోజు నాకూ లేదు.

మాటలు లేకుండా వచ్చింది ఒక్కరే, మిద్దె ఇచ్చిన ఆ సాయిబుల అవ్వ. వరద తర్వాత మేం రెండు వీధుల అవతలికి మారినా, నలభై రోజులు పొద్దున్నే జొన్నరొట్టెలు, ఎర్రకారం తెచ్చేది. గడప దగ్గర కూర్చుని నేను తినేదాకా చూసి, గిన్నె తీసుకుని పోయేది. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు కూడా మొదటి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు తెరవకుండా నేల మీద కూర్చున్నారు. నోరు తెరిచాకే చెడింది. తర్వాత ఒకసారి మందిరంలో నా అనుభవం సాక్ష్యంగా చెబుతూ ఈ అవ్వ సంగతి చెబితే, అన్యురాలి ద్వారా కూడా ప్రభువు పని చేస్తాడు చూడండి అని ఎవరో అందుకున్నారు. నాకు నచ్చలేదు. ఆమె ఆమెగానే మంచిది. నా సాక్ష్యంలో ఆమెను సామానులా వాడుకోవడం నాకిష్టం లేదు.

సరే, నీ ప్రశ్నకు వస్తాను. ఎనిమిది నెలలు నేను ప్రార్థన చేయలేదు. భోజనం ముందు కూడా కళ్లు మూసుకోలేదు. పిల్లవాడి కోసం మందిరానికి పోయి వెనక కూర్చునేదాన్ని. స్త్రీల సమాజంలో ఒక ముసలి బైబిల్ స్త్రీ, అంటే ఇళ్లకు తిరిగి వాక్యం చెప్పే ఆమె, ఉండేది, ఇద్దరు బిడ్డల్ని మన్ను చేసిన మనిషి. ఒకరోజు షాపుకు వచ్చి, చిరిగిన లంగా ఒకటి కుట్టమని ఇచ్చి, నా మొహం చూసి అడిగింది:

"ఏమ్మే, యేసయ్య మీద అలిగినావా?"

నేను మాట్లాడలేదు.

"అలుగు. పరాయోళ్ల మీద ఎవురూ అలగరు. అయినోళ్ల మీదనే అలుగుతారు. నువ్వు అలిగినావంటే ఆయన ఇంకా నీకు అయినోడే."

ఆ మాటకు నా కళ్లు తెరుచుకున్నాయని రాస్తే బాగుంటుంది గానీ, అట్లా జరగలేదు. చిరాకు పుట్టింది. ఈమెకు అన్నీ తేలికే అనుకుని, లంగా కుట్టి పది రూపాయలు తీసుకున్నాను. ఆ మాట మాత్రం పోలేదు. వేలికి సూది గుచ్చుకుని లోపల మొన విరిగితే ఎట్లా ఉంటుందో అట్లా ఉండిపోయింది.

డిసెంబరులో, క్రిస్మస్ బట్టల ఒత్తిడి. రాత్రి రెండయింది. మిషను పట్టేసింది. విప్పితే షటిల్ కింద సందులో వరద బురద, ఎండి గట్టిపడి ఉంది. రెండేళ్లయినా ఇంకా ఉంది. అప్పుడు తిట్టాను యేసును. పైకే తిట్టాను. "నీకు కళ్లు లేవా? ఇల్లు తీసుకుపోయినావు, ఊరుకున్నా. మనిషిని కూడానా? ఎవురితో చెప్పుకోవాల నేను? ఎన్ని మందిరాల్లో నీకు పాటలు పాడినా, యాడ పోయినావు ఆ మధ్యాహ్నం?" ఇంకా చాలా అన్నాను, ఇక్కడ రాయలేను. దర్శనం లేదు, స్వరం లేదు. ఎదురుగా ఉన్న మనిషిని నోటికొచ్చినట్టు తిట్టాక, ఆ మనిషి మొహం తిప్పుకోకుండా అక్కడే కూర్చుని ఉంటే గది ఎట్లా ఉంటుందో, అట్లా ఉంది. అంతే. మిషను శుభ్రం చేసి నూనె వేసి, మిగిలిన రెండు జాకెట్లు కుట్టి పడుకున్నాను.

అది తిట్టు అనుకున్నాను. ఎనిమిది నెలల్లో నేను చేసిన మొదటి ప్రార్థన అదేనని తర్వాత తెలిసింది. ఎట్లాగంటావా, యోహాను సువార్త 11వ అధ్యాయం చదివితే. లాజరు కథ చిన్నప్పటి నుంచీ తెలుసు, సండే స్కూల్లో నాటకం కూడా వేశాం. ఈసారి వేరేగా కనిపించింది. మార్త, మరియల తమ్ముడు లాజరు జబ్బుగా ఉన్నాడని కబురు వస్తే యేసు ఇంకా రెండు రోజులు అక్కడే ఉండిపోతాడు. వచ్చేసరికి సమాధిలో పెట్టి నాలుగు రోజులు. మార్త ఊరి బయటికే ఎదురుపోయి, నువ్వు ఇక్కడ ఉంటే మా తమ్ముడు చనిపోయేవాడు కాదు అంటుంది. కాసేపటికి మరియ వచ్చి అదే మాట అంటుంది. అక్కాచెల్లెళ్లు ఇద్దరిదీ ఒకే నిష్ఠూరం, చూశావా. కానీ మార్తతో ఆయన మాట్లాడతాడు, పునరుత్థానం గురించి చెప్తాడు. మరియను చూసి మాత్రం బోధ ఏమీ చెప్పడు, ఎక్కడ పెట్టారు అని అడిగి కన్నీళ్లు పెట్టుకుంటాడు. ఇంకాసేపట్లో లాజరును బతికించి లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. ఎవరికి మాట కావాలో, ఎవరికి ఏడుపు కావాలో తెలిసినవాణ్ణే కదా స్నేహితుడంటాం. అట్లా ఎందుకన్నారు అని ఇద్దరిలో ఎవర్నీ ఆయన మందలించలేదు.

ఇక మీరు దాసులు కాదు, స్నేహితులు అని ఆయన శిష్యులతో అన్న మాట కూడా అదే సువార్తలో 15వ అధ్యాయంలో ఉంది. ఎప్పుడన్నాడో చూడు, పట్టుబడిన ఆ రాత్రే, దానికి కాస్త ముందు. ఆ తర్వాత గెత్సేమనే తోటలో కాస్త మెలకువగా ఉండండి, నా ప్రాణం దుఃఖంతో నిండిపోయింది అని బతిమాలితే ఆ స్నేహితులు నిద్రపోయారు. మా ఆయన పోయిన రాత్రి నాకు తోడుగా పడుకున్న చుట్టాలూ అర్ధరాత్రికి గురక పెట్టారు. వాళ్ల తప్పు కాదు, అలిసిపోయారు. అందరూ నిద్రపోతుంటే ఒక్కరే మేలుకుని ఉండటం ఏమిటో ఆయనకు తెలుసు. నాకు అక్కడ దొరికాడు యేసు, పాటల్లో కాదు.

"ఎందుకు" అన్నదానికి జవాబు దొరికిందా అంటే, లేదు. పద్నాలుగేళ్లు దాటాయి, ఇప్పటికీ లేదు. ఎవరైనా దొరికిందంటే నాకు కొంచెం అనుమానమే.

నువ్వు ఏం చేయాలో చెప్పను, నాకు పనికొచ్చినవి చెప్తాను. ప్రార్థన అంటే మనకు ఒక భాష అలవాటు చేశారు, "కృపగల మా పరలోకపు తండ్రీ" అని మొదలుపెట్టి గుక్క తిప్పుకోకుండా పోయేది. ఆ భాష నోటికి రావట్లేదంటే ప్రార్థన పోయిందని కాదు. మీ అమ్మతో వంటింట్లో ఎట్లా మాట్లాడేవాడివో అట్లా మాట్లాడు. మాట రాకపోతే ఊరికే కూర్చో. కీర్తనల్లో 88వది చదువు. మిగతా ఏడుపు కీర్తనలు చాలావరకు చివర్లో తేరుకుంటాయి, అది మాత్రం చీకటి దగ్గరే ఆగిపోతుంది. అట్లాంటిదాన్ని కూడా బైబిల్లో ఉంచారంటే నీ నోటి మాటకు అక్కడ చోటుంది. మార్కు సువార్త పదహారే అధ్యాయాలు, రోజుకు పది వచనాలు చాలు. ఆయన ఎక్కడ అలిసిపోయాడో, ఎక్కడ కోప్పడ్డాడో గమనించు. మనిషి తెలిస్తేనే గదా స్నేహం.

ఇంకొకటి, దీన్ని పక్కన పెట్టకు. నిద్ర, తిండి వారాల తరబడి పోయినా, బతకాలని లేదు అనే ఆలోచన వచ్చినా, డాక్టరును కలువు. మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టే పని లేదు. ప్రార్థన ఉంటే మందులెందుకు అనేవాళ్ల మాట వినొద్దు. వాళ్లే బీపీ మాత్ర మింగి చర్చికి వస్తారు.

నిరీక్షణ, అంటే మళ్లీ కలుస్తామన్న ఆశ, ఉందా అంటావా. మా ఆయన పోయిన ఏడాది ఈస్టరుకు తెల్లవారుజామున అందరూ కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు పోతే నేను దుప్పటి ముసుగేసుకున్నాను. 2012లో పోయాను. ముందురోజు పిల్లవాడు, నేను సమాధికి సున్నం వేశాం, వాడి మొహమంతా సున్నమే. చీకట్లో మగ్దలేనే మరియ కథ చదివారు. సమాధి నుంచి లేచిన యేసును చూసి తోటమాలి అనుకుందట, పేరు పెట్టి పిలిస్తేనే గుర్తుపట్టిందట. మా ఆయన నన్ను పేరు పెట్టి పిలిచేవాడు కాదు, "ఏమే" అనేవాడు. ఆ పిలుపు ఒకరోజు మళ్లీ వింటానని ఆ సమాధి పక్కన నిలబడి మొదటిసారి నమ్మాను. దుఃఖం తగ్గలేదు. దాని పక్కనే ఇది కూడా వచ్చి కూర్చుంది. ఇప్పుడు రెండూ ఉన్నాయి.

చర్చి సంగతి అడిగావు కదా. పోవాలనిపించినప్పుడు పో, వెనక వరసలో తలుపు పక్కన కూర్చో. పాట పాడకపోయినా ఎవరూ లెక్కపెట్టరు. ప్రసంగం భరించలేకపోతే లేచి బయటికి రావడానికి దారి ఉంటుంది. మా మందిరంలో అయితే ఆ మూల ఫ్యాను కూడా బాగా తిరుగుతుంది. ఎనిమిది నెలలు అక్కడే కూర్చున్నాను, నాకు తెలుసు.