గోదావరి డెల్టాలో నేల సంరక్షణ: సాగు పద్ధతి ముఖ్యమా, నేల స్వభావమా?

ఏ పద్ధతి మేలు చేస్తుందో నేల స్వభావమే నిర్ణయిస్తుంది కనుక రెండింటినీ విడదీసి చూడలేము. డెల్టా మట్టి చాలావరకు గోదావరి తెచ్చి పోసిన ఒండ్రే అయినా అంతటా ఒకే తీరుగా ఉండదు. లోపలి చేలలో బంకమన్ను ఎక్కువ. నది మధ్యనున్న లంకల్లో ఇసుక కలిసిన తేలికమట్టి వరదకు కోసుకుపోతుంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల కింద వరి స్థిరపడింది. సార్వాకూ (వానాకాలపు వరి) దాళ్వాకూ (రెండో పంట వరి) బంకనేలను ఏటా దమ్ము చేయడం, అంటే నీరు పెట్టి బురదగా దున్నడం వల్ల పైమట్టి కట్టుబడి చెదిరి, అడుగున గట్టిపొర ఏర్పడుతుంది. ఆ పొర వరికి నీటిని నిలిపి ఉపకరిస్తుంది గాని, తరువాత వేసే మినుము వేళ్లను లోతుకు దిగనివ్వదు. దాళ్వా మాని అపరాలు వేసి, తొలకరిలో పచ్చిరొట్ట పైరైన జీలుగను పూతకు ముందే కలియదున్నితే సేంద్రియ పదార్థం పెరిగి మట్టి గుల్లబారుతుంది.

తీరప్రాంతంలో అసలు సమస్య ఉప్పు. భూగర్భజలం పైపైనే ఉన్నచోట వేసవిలో తేమ ఆవిరవుతూ లవణాన్ని పైకి చేరుస్తుంది. ఉప్పునీటి రొయ్యల చెరువుల ఊట దీనికి తోడవుతుంది. సోడియం చేరి చెడిన చౌడు నేలకు జిప్సం వేస్తే చాలునని చాలామంది అనుకుంటారు. జిప్సంలోని కాల్షియం మట్టిరేణువుల నుంచి సోడియాన్ని తొలగించినా, దానిని మంచినీటితో కడిగి బయటికి పంపే మురుగుకాలువ పూడిపోయి ఉంటే ఆ ఖర్చు వృథా. జిప్సం బస్తాలకన్నా ముందు మురుగుకాలువ పూడికతీతను చూడాలని నా అభిప్రాయం.