‘ఎవరికి చెప్పుకోను’, ‘ఎవరితో చెప్పుకోను’: ఏది ఒప్పు?

సందేహం: నా భార్యకు జబ్బు ముదిరిపోయింది. ఇక మందులతో ఫలితం లేదనీ, నొప్పి తెలియకుండా చూడటమే మిగిలిందనీ డాక్టర్లు చెప్పేశారు. చిన్ననాటి స్నేహితుడికి ఉత్తరం రాస్తూ ‘ఎవరికి చెప్పుకోను, అందుకే నీతో చెప్పుకుంటున్నాను’ అన్నాను. మళ్ళీ చదివితే ఒకే వాక్యంలో ఒకచోట ‘కి’, ఒకచోట ‘తో’ ఉన్నాయి. ఏది సరైనది? ‘పరిస్థితి విషమించింది’ అని రాయబోయి, అందులో విషం ఉంది కదా అని కొట్టేశాను. ఇంకోచోట ‘మా ఆవిడ పాటలు బాగా పాడేది’ అని రాసి ఉలిక్కిపడ్డాను. పక్క గదిలో ఉన్న మనిషికి భూతకాలం వాడటం తప్పు కాదా? ఇలాంటప్పుడు ఈ వ్యాకరణం గోలేమిటని నవ్వుకోకండి. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.
– పేరు వద్దన్న ఒక పాఠకుడు

సమాధానం: నవ్వుకోలేదండీ. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు ‘కి’, ‘తో’ల సంగతి చూద్దాం. ఎక్కువ చెప్పాల్సింది అక్కడే ఉంది.

రెండూ ఒప్పే. పైగా మీ వాక్యంలో రెండూ తమ తమ చోట్లలోనే పడ్డాయి. ‘ఎవరికి చెప్పుకోను’ అన్నప్పుడు ఆ ‘ఎవరు’ మనకంటే పైనున్నవాడు, తలచుకుంటే మన కష్టం తీర్చగలవాడు. దేవుడికి చెప్పుకుంటాం, పైఅధికారికి చెప్పుకుంటాం. అది మొర. ‘ఎవరితో చెప్పుకోను’ అన్నప్పుడు అవతలి మనిషి ఏదో చేసిపెడతాడన్న ఆశ ఉండదు. పక్కన కూర్చుని వింటే చాలు. మొర ఆలకించేవాడు లేడని వాక్యం మొదట్లోనే తేలిపోయింది కాబట్టి, ‘అందుకే నీతో’ అంటూ మీ కలం దానంతటదే విభక్తి మార్చుకుంది. మీ స్నేహితుడు ఆ జబ్బును ఆపలేడని మీకూ తెలుసు.

‘చేతన్, చేన్, తోడన్, తోన్ తృతీయా విభక్తి’ అని బడిలో వల్లించే ఉంటారు. ఆ ‘తోడ’ అరిగి అరిగి ‘తో’ అయింది. ‘తోడ’లో ఉన్నది తోడు. తోడబుట్టినవాడు అన్న మాటలో అది ఇంకా అరగకుండా నిలిచి ఉంది. చెప్పడం, పలకడం వంటి క్రియల దగ్గర వినేవారికి ‘తోడ’ రావడం పాత కావ్యాల నిండా కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన వాడుకేమీ కాదు.

విభక్తి కంటే నన్ను ఆపింది మీ క్రియ. ‘చెబుతున్నాను’ అని రాయలేదు మీరు, ‘చెప్పుకుంటున్నాను’ అన్నారు. ఈ ‘కొను’ను ఆత్మార్థకం అంటారు. పని ఫలం చేసినవారికే చేరుతుందని దాని అర్థం. వండాడు అంటే ఎవరికోసమో తెలియదు, వండుకున్నాడు అంటే తనకోసమే. డాక్టరు మీకు చెప్పారు, మీరు స్నేహితుడితో చెప్పుకుంటున్నారు. తిరగేసి ‘డాక్టరు నాతో చెప్పుకున్నాడు’ అనండి, కష్టం డాక్టరుదైపోతుంది. ఇప్పటి పిల్లలు ‘ఫ్రెండ్‌తో షేర్ చేసుకున్నాను’ అంటారు. మాట ఇంగ్లీషుదైనా ‘తో’నూ వదల్లేదు, ‘కొను’నూ వదల్లేదు చూడండి. నాకు ఆ షేర్ అంతగా రుచించదు గానీ తప్పు పట్టలేను. ‘గోడు వెళ్ళబోసుకోవడం’లోనూ ఉన్నది ఈ కొనే. అక్కడ ‘వెళ్ళ’ అంటే బయటికి. దీన్ని ‘వెళ్ళగక్కడం’తో కలిపేస్తున్నారు కొందరు. వెళ్ళగక్కేది కోపం, అక్కసు. దుఃఖాన్ని ఎవరూ కక్కరు. ‘కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది’ అన్న సామెతకు జడిసి నోరు మెదపనివాళ్ళూ చాలామంది ఉన్నారు. ఆ సామెత ఇంటి గుట్టు గురించి పుట్టింది, దాన్ని ఇంట్లో ఉన్న దుఃఖానికి కూడా చుట్టబెట్టడం అన్యాయం.

విషమించడంలో విషం లేదు. ‘వి’ అనే ఉపసర్గ, ‘సమం’ కలిస్తే విషమం. ఇకారం తర్వాతి ‘స’ కాస్తా ‘ష’ అయింది, విషాదంలో, నిషేధంలో అయినట్టే. సమంగా లేనిది విషమం. మూడు భుజాలూ మూడు కొలతల్లో ఉంటే విషమబాహు త్రిభుజం అని చదువుకున్నాం. ఒక తీరున ఉండక వస్తూ పోతూ ఉండే జ్వరాన్ని ఆయుర్వేదం విషమజ్వరం అంటుంది. కాబట్టి విషానికి భయపడి కొట్టేయనక్కర్లేదు. అయితే మీరు రాసినదాన్నిబట్టి చూస్తే వేరే మాట నప్పుతుంది. విషమించడంలో ఉన్నట్టుండి పరిస్థితి అడ్డం తిరగడం ఉంది. రోజురోజుకూ కొంచెం కొంచెంగా తరిగిపోవడాన్ని క్షీణించడం అంటాం. పరిస్థితి విషమిస్తుంది, ఆరోగ్యం క్షీణిస్తుంది, జబ్బు ముదురుతుంది. ‘తగ్గడం’ దగ్గర మాత్రం జాగ్రత్త: జబ్బు తగ్గిందంటే శుభవార్త, మనిషి తగ్గిపోయిందంటే కాదు. ‘అవసానదశ’ అనే పత్రికల మాట మీరు వాడలేదు, మంచి పని చేశారు. ఇంటి మనిషి గురించి రాసేటప్పుడు అది మరీ రిపోర్టులా ఉంటుంది. దాని పాత అర్థం మాత్రం నాకిష్టం. వేదకాలపు సంస్కృతంలో అవసానం అంటే ప్రయాణం ఆపి గుర్రాలను విప్పే చోటు కూడా.

ఇక మిమ్మల్ని ఉలిక్కిపడేలా చేసిన ‘పాడేది’. తప్పు కాదు. అది ఒకప్పటి అలవాటును చెబుతుంది, ఆ అలవాటు ఇప్పుడు లేదని సూచిస్తుంది. మనిషి ఉన్నారా లేరా అన్నది దాని పరిధిలోకి రాదు. ‘చిన్నప్పుడు చెట్లెక్కేవాణ్ణి’ అని రాసే నేను ఇంకా బతికే ఉన్నాను కదా. మరి ‘పాడుతుంది’ అని ఎందుకు రాయలేకపోయారు? దానికీ వ్యాకరణంలో ఒక కారణం కనిపిస్తోంది నాకు. అలవాటుకూ, రేపు జరగబోయేదానికీ ఇప్పటి తెలుగులో ఒకటే రూపం. ‘మా ఆవిడ పాడుతుంది’ అంటే పాడే అలవాటు ఉందనీ అర్థమే, ఇక ముందు పాడబోతోందనీ అర్థమే. ఆ రెండో అర్థం దగ్గరే మీ చెయ్యి ఆగి ఉంటుంది.

నిజానికి ‘పాడేది’ పుట్టుకలో భూతకాలం లేదు. ‘పాడే’ అన్న విశేషణానికి ‘ది’ చేరింది, అంతే. ఆ విశేషణాన్ని మన వ్యాకర్తలు తద్ధర్మార్థకం అన్నారు. తత్, ధర్మం, అంటే దాని స్వభావం. కాలంతో పనిలేకుండా ఫలానావారి తీరు ఇదీ అని చెప్పడానికి పనికొచ్చే రూపం. వాక్యం చివర ఉంటే గడిచిన కాలంలా వినిపిస్తుంది, ముందుకు తెస్తే ఆ నీడ పోతుంది. ‘మా ఇంట్లో పాటలు పాడేది మా ఆవిడే’ అని రాసి చూడండి. నిన్నటి మాటా, నేటి మాటా అన్న ప్రశ్నే రాదు. లేదంటే క్రియ లేకుండా ‘మా ఆవిడది మంచి గొంతు’ అనేయండి. తెలుగులో ఇలాంటి వాక్యానికి ‘ఉంది’, ‘ఉండేది’ అక్కర్లేదు కాబట్టి కాలమూ అక్కర్లేదు.

ఉత్తరం పంపారో లేదో రాయలేదు. ‘కి’, ‘తో’ ఉన్న ఆ వాక్యాన్ని మాత్రం దిద్దకుండా పంపండి.