తుంటి మార్పిడి తరువాత పిక్క వాపు: మా అమ్మ విషయంలో జరిగినది

తుంటి కీలు మార్పిడి జరిగిన రెండు వారాలకు ఆపరేషన్ చేసిన కాలే వాచిందని, ఇది మామూలేనా, రక్తనాళాల సమస్యా అని మీరు అడిగారు. మామూలే కావచ్చు; కానీ ఆ మాట డాప్లర్ స్కాన్ (రక్తనాళాల్లో రక్తం పారే తీరును చూపే అల్ట్రాసౌండ్ పరీక్ష) చూసి డాక్టరు చెప్పాలి తప్ప మనకు మనం చెప్పుకోకూడదని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

మేము విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంటాము. మా అమ్మకు ఆపరేషన్ తరువాత రక్తం గడ్డకట్టకుండా రివరోక్సాబాన్ 10 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి చొప్పున 35 రోజులు వాడమన్నారు. పదో రోజుకు తెచ్చిన అట్ట అయిపోయింది. వాకర్ పట్టుకుని వరండాలో నడుస్తోంది కదా అన్న ధీమాతో ఇంకో అట్ట కొనడంలో నేను అశ్రద్ధ చేశాను. పద్నాలుగో రోజు సాయంత్రం ఆమె పిక్క బిగుసుకుపోయి, ముట్టుకుంటే వేడిగా తగిలింది. పక్కింటి పిన్నిగారు నువ్వుల నూనెతో మర్దనా చేయమన్నారు (చేయకపోవడం మా అదృష్టం). కాలి కింద దిండ్లు పెట్టి పడుకోబెట్టినా తెల్లవారేసరికి వాపు తీయలేదు. కుట్టుమిషన్ సొరుగులోని టేపు తెచ్చి, మోకాలి చిప్ప దిగువన చేతికి తగిలే ఎముక బుడిపె నుంచి 10 సెంటీమీటర్ల కింద రెండు పిక్కలనూ కొలిస్తే, మంచి కాలు 33, ఆపరేషన్ కాలు 37 సెంటీమీటర్లు వచ్చింది. తేడా 3 సెంటీమీటర్లు దాటితే డాక్టర్లు దానిని పట్టించుకుంటారు. స్కాన్‌లో మోకాలి వెనుక సిరలో రక్తపు గడ్డ కనిపించింది. మూడు నెలలు మందులు వాడవలసి వచ్చింది. కొలత తక్కువగా ఉన్నంత మాత్రాన గడ్డ లేదని కాదు, కాబట్టి స్కాన్ మానకండి.

ఇక మీరడిగిన రక్తనాళాల సమస్యలో రెండో రకం, ధమనికి దెబ్బ తగలడం; ఇది చాలా అరుదు. తుంటి కీలు గిన్నెకు ముందు వైపున పెద్ద ధమని వెళుతుంది కనుక, ఆపరేషన్ పనిముట్ల వల్లగానీ స్క్రూల వల్లగానీ అది గాయపడవచ్చు. పాదం చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కితే గంటలే ముఖ్యం, ఉదయం దాకా ఆగకూడదు. గజ్జలో నాడిలా కొట్టుకునే ఉబ్బు కొన్ని వారాల తరువాత కూడా రావచ్చు. హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఈరోజే వెళ్ళండి, మాత్రల అట్ట వెంట తీసుకెళ్ళండి. స్కాన్ గదిలో మమ్మల్ని మొట్టమొదట అడిగినది, చివరి మాత్ర ఏ రోజు వేసుకున్నారనే.