ఆ పెళ్ళికూతురు నిజంగా భయపడిందా?

అమ్మాయీ,

నీ కథ చదివాను. రాయపేట ఇంట్లో గోడకున్న మీ తాతమ్మ పెళ్ళి ఫోటో మీద రాయాలనిపించడం చాలా మంచి ఆలోచన. కానీ రెండో పేరాలో ఆ బిగుసుకుపోయిన ముఖం చూసి జీవితమంతా అనుభవించబోయే భయం అని రాసేశావే, అక్కడ నాకు నచ్చలేదు. ఆ బిగుసుకుపోవడం ఆవిడదో స్టూడియోదో ముందు తేల్చుకోవాలి కదా. పాతకాలం కెమెరాల్లో వాడిన గాజు ప్లేట్ల మీద బొమ్మ పడాలంటే కాసేపు కదలకుండా ఉండాలి, కదిలితే ముఖం చెదిరిపోతుంది, అందుకని మెడ వెనక కనపడకుండా ఇనుప ఊత పెట్టేవాళ్ళు, మన మద్రాసు మౌంట్ రోడ్డులో దొరలు నడిపిన స్టూడియోలు కూడా ఆ కాలంవే. తర్వాత ఊత అవసరం తగ్గినా కొయ్యబారి నిలబడే అలవాటు మాత్రం పోలేదు. ఇంకోటి, ఆ ప్లేట్లలో ఎరుపు నల్లగా పడేది, నీలం వెలిసినట్టు తెల్లగా. నువ్వు నల్లబొట్టు అని రాసింది కుంకుమే అయ్యుంటుంది.

చేతిలో పుస్తకం ఉందన్నావు. చదువు రాకపోయినా బల్ల మీది పుస్తకం చేతికిచ్చి తీసేవాళ్ళు, చదువుకున్న భార్య అంటే మగాడికి హోదా మరి. దాన్ని చూసి ఆవిడని చదువరిని చేసెయ్యకు.

నన్నడిగితే నీ కథ ఆ అద్దం దగ్గరుంది. పూలజడ కూడా కనపడాలని పక్కన అద్దం పెట్టి ముఖం, జడ ఒకే ఫోటోలో వచ్చేలా తీశారు చూడు, ఆ మల్లెమొగ్గలన్నీ వరసగా కుట్టి, జడగంటలు కట్టి, తల కదిలిస్తే కసురుకుంటూ గంటల తరబడి కూర్చున్న అత్తలూ పిన్నులూ ఎవరూ ఫ్రేములో లేరు, వాళ్ళ పనితనం మాత్రం ఉంది. అక్కడ నిదానంగా రాయి.

ఫోటో ఏ సంవత్సరానిదో కనుక్కో. బాల్యవివాహాలని ఆపడానికి తెచ్చిన శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చి ఆడపిల్లకి 14 ఏళ్ళు నిండాలంది, అది అమల్లోకి వచ్చేలోపే చాలామంది హడావిడిగా పెళ్ళిళ్ళు చేసేశారు. పెళ్ళి చిన్నప్పుడే అయినా కాపురానికి పంపేది ఈడేరాకే కాబట్టి ఇది పెళ్ళినాటి ఫోటో కాకపోవచ్చు కూడా.

అమ్మమ్మగారు ఉన్నారుగా, ఫ్రేములోంచి తీసి అట్ట వెనక ఏమైనా రాసుందేమో ఇద్దరూ కలిసి చూడండి. ఎవరు తీయించారు, డబ్బెవరిచ్చారు, హాల్లో పెట్టారా లోపలి గదిలోనా అని అడుగు. చెప్పింది చెప్పినట్టు రాసుకో. రెండో పేరా మార్చాక మళ్ళీ పంపు.