ప్రశ్నలు – జవాబులు: డల్లాస్ వదులుకున్న 94 నంబరు

ప్రశ్న: డెమార్కస్ వేర్ 94 నంబరు చొక్కాతో తొమ్మిదేళ్లు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డల్లాస్ కౌబాయ్స్‌కి ఆడాడు. ఆ జట్టులో అతనికన్నా ఎక్కువ సాక్‌లు (బంతి విసరబోయే ఆటగాణ్ని పడగొట్టడం) చేసినవాడు లేడు. కాంట్రాక్టు ఇంకా మిగిలి ఉండగానే 2014లో ఎలా తీసేయగలిగారు?
– ఫ్రిస్కో, టెక్సాస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఎన్ఎఫ్ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) కాంట్రాక్టులో ఎన్నేళ్లు రాసుకున్నారన్నది వదిలేయండి, గ్యారంటీ సొమ్మెంతో చూడండి. గ్యారంటీ లేని ఏడాదిని జట్టు ఎప్పుడు కావాలంటే అప్పుడు వదిలించుకోవచ్చు. ఆటగాడికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఇది ఏకపక్షమే, అందులో దాచడానికేం లేదు.

జట్టు మొత్తం జీతాలకు లీగ్ ఏటా ఒక పరిమితి పెడుతుంది. 2014లో అది 13.3 కోట్ల డాలర్లు. అందులో వేర్ ఒక్కడి వాటాయే దాదాపు 1.6 కోట్లు. ఇక్కడ సంతకం బోనస్ లెక్క తెలుసుకోవాలి. ఆటగాడికి డబ్బు ముందే చేతికొస్తుంది, కానీ జట్టు పద్దులో దాన్ని గరిష్ఠంగా ఐదేళ్లకు పంచి రాస్తారు. ఉదాహరణకు ఐదేళ్ల ఒప్పందానికి 2 కోట్ల బోనస్ ఇస్తే ఏటా 40 లక్షలు జట్టు పద్దులో పడతాయి. మూడేళ్లకే ఆటగాణ్ని తీసేస్తే మిగిలిన 80 లక్షలూ ఒక్కసారే ఆ ఏడాది నెత్తిన పడతాయి. దీన్నే 'డెడ్ మనీ' అంటారు. జూన్ 1 తర్వాత తీసేస్తే ఆ భారాన్ని రెండేళ్లకు సర్దుకోవచ్చు. అంటే జట్టు వేసుకునే లెక్క ఒక్కటే: తీసేస్తే మిగిలే జీతం ఎక్కువా, మీద పడే డెడ్ మనీ ఎక్కువా? వేర్ విషయంలో జీతమే ఎక్కువ తేలింది.

ఆట కూడా ఒక కారణం. 2005 డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) వేర్ 11వ ఎంపికగా వచ్చినప్పుడు డల్లాస్ డిఫెన్స్ ముగ్గురు లైన్‌మెన్ (ముందు వరుసవాళ్లు), నలుగురు లైన్‌బ్యాకర్ల (వాళ్ల వెనక వరుసవాళ్లు) పద్ధతికి మారుతోంది. అందులో వేర్ బయటి లైన్‌బ్యాకర్‌గా, నిలబడి పరుగు మొదలుపెట్టేవాడు. 2006 నుంచి 2012 దాకా ఏ సీజన్‌లోనూ పది సాక్‌లకు తగ్గలేదు. 2013లో జట్టు నలుగురు లైన్‌మెన్ పద్ధతికి వెళ్లింది. అతన్ని చెయ్యి నేలకానించే డిఫెన్సివ్ ఎండ్‌ని చేశారు. దానికి గాయాలు తోడయ్యాయి. కెరీర్‌లో మొదటిసారి మ్యాచ్‌లు పోయాయి, ఆ ఏడాది ఆరు సాక్‌లే వచ్చాయి. తీసేసిన మర్నాడే డెన్వర్ బ్రాంకోస్ మూడేళ్లకు 3 కోట్ల ఒప్పందం చేసుకుంది, అందులో 2 కోట్లు గ్యారంటీ. మళ్లీ నిలబడి ఆడే చోటు దొరికింది. 2016 ఫిబ్రవరిలో 50వ సూపర్ బౌల్‌లో రెండు సాక్‌లు చేసి ఛాంపియన్ అయ్యాడు. 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. డల్లాస్ లెక్క పద్దు ప్రకారం సరైనదే కావచ్చు. ఆటగాడి మీద వేసిన అంచనా మాత్రం తప్పిందని మా అభిప్రాయం.

ప్రశ్న: వేర్ కెరీర్ సాక్‌లు 138.5 అంటారు. ఆ అర ఎక్కడిది?
– హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: బంతి విసరబోతున్న క్వార్టర్‌బ్యాక్‌ని, ఆట మొదలైన గీతకు వెనకే పడగొడితే సాక్. ఇద్దరు కలిసి పడగొడితే చెరి సగం. 1982కి ముందు లీగ్ దీన్ని అధికారికంగా ఆటగాళ్ల ఖాతాలో రాయలేదు. అందుకే అరవైల్లో వణికించిన డీకన్ జోన్స్ పేరు అధికారిక జాబితాలో కనిపించదు. జాబితాలో మొదటివాడు బ్రూస్ స్మిత్, సరిగ్గా 200. సాక్ రాకపోయినా హడావిడిగా విసిరించడం, ఇద్దరు అడ్డుకునేవాళ్లను తనవైపు లాక్కోవడం కూడా పనే. ఆ పని స్కోరు పట్టికలో కనిపించదు.

ప్రశ్న: టీవీలో అంచు నుంచి దూసుకొచ్చే ఆటగాడిలో ఏం గమనించాలి? నాకు అందరూ ఒకరి మీద ఒకరు పడటమే కనిపిస్తుంది.
– విజయవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: బంతిని కాసేపు మర్చిపోండి. బంతి కదలగానే అతని మొదటి అడుగు ఎంత ముందు పడిందో చూడండి. బంతి మామూలుగా రెండున్నర సెకన్ల చుట్టుపక్కలే చేతిలోంచి పోతుంది కాబట్టి సగం పని ఆ అడుగుతోనే తేలిపోతుంది. సొంత మైదానంలో జనం గోల చేస్తే అవతలి టాకిల్‌కి (క్వార్టర్‌బ్యాక్‌కి అంచున కాపలా కాసేవాడు) క్వార్టర్‌బ్యాక్ పిలుపు వినపడదు. అతనూ బంతిని చూసే కదలాలి. అప్పుడు దూసుకొచ్చేవాడికి లాభం.

రెండోది మలుపు. టాకిల్ వెనక్కి, పక్కకి జరుగుతూ దారి మూస్తాడు. మంచివాడు మలుపులో మోటార్‌సైకిల్‌లా భుజం నేలవైపు వాల్చి, అతని చేతుల కింద నుంచి తిరుగుతాడు. నడుము వంగనివాడు గుండ్రంగా దూరం పోతాడు. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే: క్వార్టర్‌బ్యాక్ గీతకు ఏడెనిమిది గజాల వెనక నిలబడితే ఇతను పది గజాల లోతుకి పోతాడు. క్వార్టర్‌బ్యాక్ ఒక్క అడుగు ముందుకేసి, ఖాళీ అయిన దారిలో హాయిగా విసురుతాడు. దీనికి విరుగుడుగానే లోపలికి తిరిగే ఎత్తు వచ్చింది. టాకిల్ బయటికి ఎక్కువగా జరిగిపోయాడని చూసి గిర్రున లోపలికి తిరగడమన్నమాట. దానికి డ్వైట్ ఫ్రీనీ పెట్టింది పేరు. మూడోది చేతులు. టాకిల్ చెయ్యి ఛాతీ మీద పడకముందే దాన్ని కొట్టి తప్పించాలి. పట్టు పడిందంటే ఆ ఆటకి అతని పని అయిపోయినట్టే.

ప్రశ్న: గాయపడిన ఆటగాడికి జీతం వస్తుందా?
– గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆటలో దెబ్బ తగిలి గాయాల జాబితాకి వెళ్తే ఆ సీజన్ జీతం మామూలుగా వస్తుంది. కొత్తవాళ్ల కాంట్రాక్టుల్లో చాలాసార్లు 'స్ప్లిట్' అనే షరతు ఉంటుంది, గాయాల జాబితాలో ఉన్నన్నాళ్లూ తక్కువ రేటు ఇస్తారు. వచ్చే ఏడాది జీతం సంగతి మళ్లీ గ్యారంటీ ఉందా లేదా అన్నదాని మీదే.

ప్రశ్న: మా అబ్బాయి పదో గ్రేడ్, డిఫెన్స్‌లో ఆడతాడు. దీన్నే వృత్తి చేసుకుంటానంటున్నాడు. దారి ఎలా ఉంటుంది? మనవాళ్లెవరైనా వెళ్లారా?
– ఇర్వింగ్, టెక్సాస్ నుంచి ఒక తల్లి

జవాబు: తండ్రి వైపు భారతీయ మూలాలున్న బ్రాండన్ చిల్లర్ లైన్‌బ్యాకర్‌గా 2004 డ్రాఫ్ట్ నాలుగో రౌండ్‌లో సెయింట్ లూయిస్ రామ్స్‌కి వెళ్లాడు, తర్వాత గ్రీన్ బే ప్యాకర్స్‌కి ఆడాడు. కాబట్టి దారి లేకపోలేదు, కానీ బాగా ఇరుకు. హైస్కూల్ పూర్తయ్యాక మూడేళ్లు గడవనిదే డ్రాఫ్ట్‌కి అర్హత రాదు. డ్రాఫ్ట్ ఏడు రౌండ్లు. ఎంపికైనవాళ్లకు నాలుగేళ్ల కాంట్రాక్టు, కాకుండా చేరినవాళ్లకు మూడేళ్లు. వేసవి శిబిరంలో 90 మంది ఉంటే సీజన్‌కి మిగిలేది 53 మంది. 2025లో కొత్త ఆటగాడి కనీస జీతం 8,40,000 డాలర్లు. ఆ ఏడాది ప్రాక్టీస్ స్క్వాడ్‌లో (జట్టుతో సాధన చేసే అదనపు ఆటగాళ్ల బృందం) కొత్తవాళ్లకు వారానికి 13,000, అదీ వారం వారం తెగిపోగల ఉద్యోగం.

కాలేజీ పేరు చూసి బెంగపడకండి. వేర్ ఆబర్న్ ఊరి కుర్రాడైనా ఆడింది ఆ ఊళ్లోని పెద్ద యూనివర్సిటీకి కాదు, ట్రాయ్‌కి. మీరు ఇప్పుడే చూడాల్సింది చదువు. టెక్సాస్ ప్రభుత్వ బడుల్లో ఒక్క సబ్జెక్టులో 70 కన్నా తగ్గినా కనీసం మూడు వారాలు మ్యాచ్‌లు ఆడనివ్వరు. మొదటి శ్రేణి కాలేజీల్లో ఆడాలంటే 16 కోర్ సబ్జెక్టులు కావాలి. వాటిలో పది సబ్జెక్టులు పన్నెండో గ్రేడ్ మొదలవకముందే పూర్తవ్వాలి. ఆ పదింటిలో ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ కలిపి ఏడుండాలి. బడి కౌన్సెలర్ దగ్గర కోర్ సబ్జెక్టుల జాబితా అడిగి తీసుకుని, అబ్బాయి తొమ్మిదో గ్రేడ్ మార్కులతో ఈ వారమే సరిచూసుకోండి.